ఇరవై ఏడో ఇంటి దీపం

సోమవారం పొద్దున ఒరోజ్‌బెక్ బాత్మా చేతికి సంచీ ఇస్తూ మొహం కూడా ఎత్తలేదు.

"నలభై నాలుగిళ్లు అయ్యాయి. ఆ ముసలమ్మ ఇల్లొక్కటే మిగిలింది. గురువారం మధ్యాహ్నం జిల్లా నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఈలోగా అది కూడా అవ్వకపోతే నువ్వు మళ్లీ ఈ గదిలోకి రానక్కర్లేదు."

మూడు ద్వారాలు, ద్వారానికొక మెట్ల దారి ఉన్న ఆ అయిదంతస్తుల భవనానికి ఒరోజ్‌బెక్ నివాసుల సంఘం అధ్యక్షుడు. బాత్మా సంఘంలో జీతానికి పనిచేసే మనిషి. మీటర్ల రీడింగు రాయడం, మెట్లు కడిగించడం, ఎవరింట్లో పైపు కారినా పరిగెత్తడం ఆమె పని. నవంబరు నుంచి మాత్రం ఒక్కటే పని. నిచ్చెన భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, పాత గుండు బల్బులు మర తిప్పి తీసి అట్టపెట్టెల్లో సర్దడం, వాటి చోట ఎల్ఈడీ బల్బులు బిగించడం, సంతకం పెట్టించుకోవడం. జిల్లావాళ్లు ఇచ్చే ఆ బల్బులు ఉచితమే. షరతు ఒక్కటుంది. భవనంలో ఒక్క పాత బల్బు కూడా మిగలకూడదు. అలా పూర్తిచేసిన భవనాలకే కొత్త బాయిలరు జాబితాలో చోటు. అది జనవరి. గోడ రేడియేటర్ల మీద చెయ్యి పెడితే వేడి ఉందో లేదో ఆలోచించుకోవాల్సి వచ్చేది. అందరూ కరెంటు హీటర్ల మీదే బతుకుతున్నారు. కాబట్టి ఇరవై ఏడో ఇంటి బల్బంటే భవనమంతా పళ్లు కొరుకుతోంది.

నాలుగో అంతస్తులో ఇరవై ఏడో ఇంటి తలుపు తీసే ఉంది. పెద్దావిడ కాబట్టి అందరూ అపా అని పిలిచే జూరకాన్ తలకి ఉన్ని శాలువా చుట్టుకుని వంటగదిలో కూర్చుని ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటరిది. ఊరి బల్బుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పరీక్ష బల్ల దగ్గర నిలబడింది. వరసగా వెలిగే బల్బుల్ని కంటితో చూసి మంచివీ పాడువీ వేరుచేయడం అక్కడ ఆమె ఉద్యోగం. కిటికీ బయట కొండ అడ్డం కావడంతో ఆ వంటగదిలో పట్టపగలు కూడా దీపం ఉండాలి. నెత్తిన వైరుకి వేలాడుతూ ఆ గుండు బల్బు పసుపుపచ్చగా వెలుగుతోంది.

"తియ్యడానికొచ్చావా?"

"అవునపా. ఈసారి నన్ను ఖాళీగా పంపకు. ఆయన నా ఉద్యోగం తీసేస్తానంటున్నాడు."

"ముందు టీ తాగు."

బాత్మా నిచ్చెన గోడకి ఆనించి కూర్చుంది. అపా గిన్నెలో టీ పోసి, రొట్టె తుంచి ముందు పెట్టింది. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కళ్లు మాత్రం బల్బు మీదే ఉన్నాయి. అన్నం ఉడికిందా లేదా అని చూసే ఆడవాళ్ల చూపులాంటిది అది.

"నాకు కొత్తవాటి మీద పగేం లేదే. తక్కువ తింటాయి, ఎక్కువ కాలం బతుకుతాయి. ఎవరు కాదన్నారు? కానీ పది రోజుల్నుంచి ఇది ఏదో చెప్తోంది. అదేంటో తేలేదాకా దీన్ని కదపనివ్వను."

"బల్బు చెప్పడమేంటపా?"

"చూడు."

గోడ అవతల పక్కింట్లో టక్‌మని స్విచ్చి వేసిన చప్పుడైంది. నెత్తిన దీపం పసుపు విరిగి తెల్లబడింది. గిన్నెల అంచులు, అపా చెంపల మీది సన్నటి గీతలు, బల్ల మీది రొట్టె ముక్కలు, అన్నీ ఒక్కసారి స్పష్టంగా కనిపించాయి.

"రెండొందల నలభై అయిదు వోల్టులు," అంది అపా. "ఒకటీ అరా అటూ ఇటూ. ఉండాల్సింది రెండొందల ఇరవై. పక్కింటి మీరిమ్ హీటరు వేసింది. ఆమె వేస్తే నా దీపం తగ్గాలి, లేదంటే అలాగే ఉండాలి. పెరుగుతోంది. ఎందుకు పెరుగుతుంది?"

టీ చల్లారిపోయింది. పసిపిల్లతో మీరిమ్ ఏదో మాట్లాడుతున్న గొంతు గోడలోంచి వినిపిస్తోంది. ఎందుకో బాత్మాకి ఆ వెలుగులో కూర్చోబుద్ధి కాలేదు. నిచ్చెన ఎత్తుకుని లేచింది.

"రేపొస్తానపా."

"రా. బల్బు కోసం కాదు, చూడ్డానికి రా."

కింద గదిలో ఒరోజ్‌బెక్ అంతా విని నవ్వాడు. నవ్వు ఆపి కాగితం తీసి, పెద్ద అక్షరాలతో తనే రాశాడు. *ఇరవై ఏడో ఇంటివారి మొండితనం వల్ల మన భవనానికి బాయిలరు రావడం లేదు. దయచేసి నివాసులందరూ వారితో మాట్లాడగలరు.* రాసి, జిగురు సీసాతో సహా బాత్మా ముందుకి తోశాడు.

"రెండో ద్వారం తలుపు మీద అంటించు. నువ్వే."

బాత్మా అంటించింది. చలికి జిగురు పట్టలేదు. నాలుగు మూలలూ అరచేత్తో నొక్కి, కాగితం నిలిచేదాకా అలాగే నిలబడింది.

*

మంగళవారం పొద్దున ఇరవై అయిదో ఇంటి ఎమిల్ మెట్ల మీద బాత్మాని ఆపాడు. టాక్సీ నడిపే మనిషి, నోరు ఊరుకోదు.

"ఏమక్కా, మీ ముసలి రాణిగారు దిగొచ్చారా? రాత్రి మా ఇంట్లో టీవీ కాలిపోయింది. ఆవిడ పాత బల్బు లైనంతా పాడుచేస్తోందంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"అందరూ."

"టీవీ కాలినప్పుడు లైట్లు మినుకుమన్నాయా?"

"లైట్లకేం, మీరు పెట్టినవేగా. రెప్ప కూడా వెయ్యలేదు."

మధ్యాహ్నానికి ఇంకో మూడు ఇళ్ల నుంచి ఫిర్యాదులొచ్చాయి. ఒకచోట ఫోను చార్జరు కరిగింది. ఇంకోచోట ఫ్రిజ్ గుర్‌మంటుందే తప్ప చల్లబడటంలేదు. మీరిమ్ పసిదాన్ని చంకలో వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. పిల్లకి ఏడు నెలలు. ఇంట్లో కూడా ఉన్ని టోపీ పెట్టి ఉంది.

"అక్కా, హీటరు ఎర్రబడటంలేదు. చెయ్యి పెట్టినా కాలదు. అమ్మ దగ్గర్నుంచి ఇంకోటి తెచ్చి రెండూ వేశాను. అయినా గది చల్లగానే ఉంది."

బాత్మా లోపలికి చూసింది. తను కిందటి నెల బిగించిన బల్బు కప్పుకింద తెల్లగా, నిలకడగా వెలుగుతోంది. దాని కింద రెండు హీటర్లు నల్లగా కూర్చుని ఉన్నాయి. ఇంట్లో ఎక్కడా ఏ లోపమూ ఉన్నట్టు లేదు.

కరెంటాఫీసుకి ఫోను చేసింది. అటువైపు గొంతు అడిగింది, "లైట్లు వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయి."

"మినుకుమంటున్నాయా?"

"లేదు."

"మరేం, అత్యవసరం కాదమ్మా. అర్జీ రాసిపెట్టండి. వచ్చే వారం మనిషి వస్తాడు."

నేలమాళిగలో ద్వారానికొక మెయిన్ బోర్డు ఉంది. అన్నిటికీ ఉన్న తలుపు ఒక్కటే, దాని తాళంచెవి ఒరోజ్‌బెక్ దగ్గరుంది. బాత్మా అడిగితే అతను టోపీ సర్దుకుంటూ అన్నాడు, "గురువారం దాకా ఆ గది ఎవరూ తెరవరు. పాత బల్బుల పెట్టెలన్నీ వరసగా పేర్పించాను, ఫొటో కోసం. నువ్వెళ్లి కెలికితే మళ్లీ ఎవడు సర్దుతాడు? అయినా బోర్డు సంగతి నీకేం తెలుసని?"

"నాకు తెలీదు. తెలిసినవాళ్లని పిలిపిద్దామనే."

"శుక్రవారం పిలిపిద్దాం."

బుధవారం ఆమె నిచ్చెన లేకుండా నాలుగో అంతస్తు ఎక్కింది. అపా తలుపు ముందు ఎవరో చెత్తబుట్ట బోర్లించి పోయారు. బంగాళాదుంప తొక్కలు గడప మీద గడ్డకట్టి ఉన్నాయి. బాత్మా వాటిని కాలితో పక్కకి నెట్టి, తర్వాత వంగి చేత్తో ఎత్తింది. తలుపు తీసిన అపా అది చూసి చేతులు కడుక్కోమని ఆమెకి నీళ్లు పోసింది.

వంటగదిలో దీపం కళ్లల్లో గుచ్చుకునేంత తెల్లగా ఉంది. అపా దాన్ని సూటిగా చూడటం మానేసి, గోడ మీద పడే నీడని చూస్తోంది.

"ఇవాళ రెండొందల అరవై దాటింది. నువ్వు అంటించిన కాగితం గురించి విన్నాను."

బాత్మా తల దించుకుంది. "రాసింది నేను కాదపా."

"తెలుసు. ఆ మాటలు నీవి కావు." అపా లేచి అలమరలోంచి ఒక బల్ల దీపం తీసింది. పాత ఇనుప కాడ, వైరు, ప్లగ్గు. గుడ్డలో చుట్టిన గుండు బల్బు ఒకటి తీసి దానికి మర తిప్పి బిగించింది. "ఇది పట్టుకుని మీరిమ్ ఇంటికి వెళ్లు. ప్లగ్గు పెట్టి రంగు చూడు. తర్వాత ఎమిల్ ఇంటికి. చూసింది చూసినట్టు నాకు చెప్పు."

మీరిమ్ ఇంట్లో ప్లగ్గు పెడితే, బల్బులో తీగ ఆరిపోతున్న నిప్పులా ఎర్రగా కనిపించింది. చుట్టూ గాజు చీకటిగానే ఉంది. పైన మాత్రం కొత్త బల్బు ఎప్పటిలాగే వెలుగుతోంది. మీరిమ్ పిల్లని ఇంకో చంకకి మార్చుకుని, ఎర్ర తీగని, కప్పుకింది తెల్ల వెలుగుని మార్చి మార్చి చూసింది.

"ఇదేంటక్కా, ఒకే కరెంటు కాదా?"

ఎమిల్ ఇంట్లో అదే బల్బు భగ్గుమని తెల్లగా మండింది. బాత్మా వెంటనే ప్లగ్గు పీకేసింది. ఎమిల్ గోడకానుకుని చూస్తున్నవాడు ఈసారి హాస్యమాడలేదు.

అపా అంతా విని చెంచాల డబ్బా దగ్గరికి లాక్కుంది. తర్వాత బల్ల మీద మూడు చెంచాలు పక్కపక్కన పెట్టి, వాటి మొదళ్ల కింద అడ్డంగా ఒక కత్తి పెట్టింది.

"మెట్ల దారిలో మూడు ఫేజులు పైకొస్తాయి. మన అంతస్తులో ఇంటికొకటి. మూడిటికీ వెనక్కి వెళ్లే దారి మాత్రం ఒక్కటే, న్యూట్రల్. అది గట్టిగా ఉన్నంత కాలం ఎవరి కరెంటు వాళ్లకి సమంగా వస్తుంది. అది వదులైందనుకో..." కత్తిని కొంచెం పక్కకి జరిపింది. చెంచాలు జారాయి. "ఒక ఇంట్లోంచి లాగి ఇంకో ఇంట్లో పోస్తుంది. మీరిమ్‌కి వేడి రాదు, ఇంకో హీటరు వేస్తుంది. వేసేకొద్దీ ఎమిల్‌కీ నాకూ పెరుగుతుంది. కింద ఎక్కడో ఆ వదులు కీలు కాలుతూనే ఉంటుంది. పూర్తిగా తెగిందంటే పెరుగుతూ పోవడం ఉండదు, ఒక్కసారే. ఒకసారి ఫ్యాక్టరీలో మా పరీక్ష బల్ల దగ్గర తెగింది. ఒక్క ఊపిరిలో నలభై బల్బులు పేలాయి."

"మరి అందరిళ్లలో లైట్లు బాగానే ఉన్నాయిగా?"

"నువ్వు పెట్టినవి మంచి రకంవి. వంద వచ్చినా, రెండొందల అరవై వచ్చినా ఒకేలా వెలుగుతాయి. అది వాటి గొప్ప. ఎవడూ ఏమీ కనిపెట్టలేకపోవడానికి కారణం కూడా అదే."

బాత్మా తన చేతుల వైపు చూసుకుంది. ఈ ద్వారంలోనే పద్నాలుగిళ్లు. ఒక్కో ఇంట్లో అయిదో ఆరో బల్బులు. అన్నీ ఈ చేతులే బిగించాయి.

*

గురువారం పొద్దున మంచు ముసురుగా పడుతోంది. బాత్మా మొదట ఒరోజ్‌బెక్ దగ్గరికి వెళ్లింది. అతను కొత్త కోటు వేసుకుని గుమ్మం ముందు మంచు ఎత్తిస్తున్నాడు. మూడు చెంచాల సంగతి తనకి అర్థమైనంత వరకు చెప్పి, మెయిన్ ఆపించమంది. అతను వినలేదని కాదు. విన్నాడు, వింటూనే వీధి చివర చూస్తున్నాడు.

"ఇంకో మూడు గంటలు. మూడు గంటలు ఆగలేవా? వాళ్లొచ్చే వేళకి భవనం చీకట్లో ఉంటే, కరెంటు ఆదా చేశారని ఫొటో తీస్తారా?"

"మూడు గంటల్లో ఏమైనా అయితే?"

"ఏమీ అవ్వదు. ముప్ఫై ఏళ్లుగా ఏమైంది?"

ఆమె మెట్లెక్కి తలుపు తలుపూ తట్టింది. హీటర్లు ఆపండి, ప్లగ్గులు పీకండి, ఒక్క పూట. ఒకామె నవ్వి తలుపేసింది. ఒక ముసలాయన, లైటు చక్కగా ఉందిగా అమ్మాయ్, అన్నాడు. ఇంకొకామె అడిగింది, "ఆ ముసలిదాని మాటేనా ఇది?" ప్రతి గుమ్మం వెనకా అదే తెల్లటి, నిలకడైన వెలుగు. మీరిమ్ ఒక్కతే మారు మాట్లాడకుండా రెండు హీటర్లూ ఆపి, పిల్లని దుప్పట్లో చుట్టుకుని తల్లింటికి బయల్దేరింది. ఎమిల్ తన ఇంటి ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాడు. అంతే.

బాత్మా అపా వంటగదిలో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం కావస్తోంది. మిగతా అంతస్తుల హీటర్లు ఆగలేదు, దీపం నీలం తిరిగిన తెలుపులో ఉంది. గదిలో నీడలు కత్తితో కోసినట్టు ఉన్నాయి. అపా శాలువా కొస నుదుటిమీదికి లాక్కుని తలుపు దగ్గరే నిలబడింది. బల్బు కిందికి వెళ్లడంలేదు. ఒక నిమిషం గడిచిందేమో, టిక్‌మని చిన్న చప్పుడైంది. గాజు లోపల పొగ చుట్టుకుంది. గది బూడిదరంగు పగటిలోకి జారిపోయింది.

"ఇంక నేను చెప్పేదేం లేదు," అంది అపా. "వెళ్లు."

బాత్మా రెండేసి మెట్లు దిగింది. మంచు ఎత్తేవాళ్ల గునపం ఒకటి గోడకానించి ఉంటే అది తీసుకుంది. నేలమాళిగ తలుపు ముందు నిలబడి ఊపిరి పీల్చింది. కాలిన రబ్బరు వాసన సన్నగా, తీపిగా, చాలా రోజులుగా అక్కడే కాపురమున్నట్టు వచ్చింది. తాళం కొంకిలో గునపం దూర్చి బరువంతా వేసింది. మొదటిసారి జారి మోకాలికి కొట్టుకుంది. రెండోసారి కొంకి ఊడొచ్చింది.

లోపల చీకటి. టార్చి వేసింది. అట్టపెట్టెలు మనిషెత్తున రెండు వరసలు పేర్చి ఉన్నాయి. వాటి వెనకే, పెట్టెల్ని దాదాపు ఆనుకుని, చెక్క పలక మీద బిగించిన రెండో ద్వారం బోర్డు. దానిలోంచి చిర్‌చిర్‌మని సన్నటి చప్పుడు, బాణలిలో చివరి నూనె చుక్కల చప్పుడు లాంటిది. ఆమె కోటు చెయ్యి అరచేతి మీదికి లాక్కుని, పెద్ద మీటని రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగింది.

చప్పుడు ఆగింది. పైన ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. మెట్ల దారిలో గొంతులు లేచాయి.

ఒరోజ్‌బెక్ వచ్చేసరికి ఆమె బోర్డుకి వీపు ఆనించి నిలబడి ఉంది. అతని వెనక పొరుగువాళ్లు, వాళ్ల వెనక జిల్లా నుంచి అప్పుడే దిగిన నలుగురు కోట్లవాళ్లు. ఒకతని మెడలో కెమెరా ఉంది.

"పక్కకి జరుగు," అన్నాడు ఒరోజ్‌బెక్ మెల్లగా. అరవలేదు. అతిథుల ముందు అరవలేడు.

"జరగను."

"బాత్మా, నీ ఉద్యోగం పోయింది. అది అయిపోయింది. ఇప్పుడు పోలీసుల దాకా తెచ్చుకోకు. జరుగు."

ఆమె మోకాలి దగ్గర లంగా నెత్తురుతో తడిసి అంటుకుంది. "తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా జరగను," అంది.

వచ్చిన నలుగురిలో ఒక పడుచు అమ్మాయి ఉంది, ఇంజనీరు. ఇప్పటిదాకా అందరికంటే వెనక నిలబడి ఉంది. ఆమె ముక్కు ఎగబీల్చి, చేతి తొడుగులు మార్చుకుని ముందుకొచ్చింది. బాత్మా పక్కకి జరిగి చోటివ్వగానే బోర్డు మూత తీసింది. టార్చి వెలుగులో న్యూట్రల్ పట్టీ నల్లగా ఉంది. ఎర్ర పిడి స్క్రూడ్రైవరు మొనతో అక్కడున్న లావుపాటి తీగని తాకింది. నొక్కలేదు, తాకింది, అంతే. తీగ ఊడి కిందికి వేలాడింది. వెనక చెక్క పలక అరచెయ్యంత మేర బొగ్గయి ఉంది. ఆ బొగ్గు నడుమ ఇంకా ఒక ఎర్రటి గీత ప్రాణంతో ఉంది. దాని పక్కనే ఉన్న అట్టపెట్టె అంచు గోధుమరంగు తిరిగి వంకర పోయింది.

ఇంజనీరమ్మాయి గ్లాసుతో నీళ్లడిగింది. బకెట్టే వచ్చింది. ఆమె గుడ్డ తడిపి ఆ ఎర్ర గీత మీద అదిమి పట్టుకుంది. ఆవిరి లేచింది.

"ఎంత సేపట్లో అంటుకునేది?" ఎమిల్ అడిగాడు.

"అది నేను చెప్పలేను," అంది ఆమె. "మీరెలా కనిపెట్టారు? లైట్లు మినుకుమనలేదంటున్నారుగా."

జవాబు ఎమిల్ చెప్పాడు. "మా పక్కింటి పెద్దావిడ చూసింది. పది రోజుల్నుంచి చెప్తూనే ఉంది."

కెమెరా మనిషి మూత తీసిన బోర్డుని ఫొటో తీయబోయాడు. ఒరోజ్‌బెక్ అతని మోచెయ్యి పట్టుకుని, "పెట్టెలు ఇటున్నాయండి," అన్నాడు.

*

శుక్రవారం ఒరోజ్‌బెక్ బాత్మా దగ్గర సంచీ, రిజిస్టరు, గది తాళంచెవి తీసుకున్నాడు. తాళం పగలగొట్టినందుకు సంజాయిషీ రాయించుకుని, తేదీ సరిగా వేసిందో లేదో చూసుకున్నాడు. గురువారం రాత్రికే రెండో ద్వారంలో కరెంటు వచ్చేసింది, అందరి గదులూ కాస్త వేడెక్కాయి. మెట్ల మీద ఎదురైనవాళ్లు ఆమెకి దారి ఇచ్చారు, కళ్లు మాత్రం కలపలేదు. పోలీసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాయిలరు మాట కూడా ఎత్తలేదు.

అపా ఇంట్లో కాలిన బల్బు తీసి కొత్తది బిగించింది బాత్మాయే. అపా అడ్డం చెప్పలేదు. కిందనుంచి నిచ్చెన పట్టుకుని నిలబడింది. దీపం వెలిగాక ఆ తెల్లటి వెలుగుని చాలాసేపు చూసింది, ఎదురుగా కూర్చుని పెదవి విప్పని మనిషిని చూసినట్టు.

"నిన్న ఆ అమ్మాయి వెళ్తూ ఏమంది?" అని అడిగింది.

"మూడు ద్వారాల బోర్డులూ ఒకే ఏడు పెట్టినవట. ఈ వీధిలో ఇంకో ఆరు భవనాలు కూడానట. వాటిల్లో బల్బులు మార్చడం ఎప్పుడో అయిపోయింది. పై వాళ్లకి రాస్తానంది."

"రాస్తే ఎప్పుడొస్తారు?"

"చెప్పలేదు."

అపా అలమర తెరిచింది. గుడ్డలో చుట్టినవి ఇంకా మూడు గుండు బల్బులున్నాయి. ఒకటి బల్ల దీపానికి బిగించి, మిగతా రెండూ కోటు లోపలి జేబులో పెట్టుకుంది. శరదృతువు తర్వాత ఆమె గడప దాటడం అదే మొదటిసారి. రబ్బరు జోళ్లు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. బాత్మా ఒక చేత్తో దీపం, ఇంకో చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుంది. అంతస్తు అంతస్తుకీ ఆగుతూ కిందికి దిగి, మంచు తొక్కుకుంటూ మూడో ద్వారంలోకి వెళ్లారు.

ముప్ఫై ఒకటో ఇంటి తలుపు తీసినామె వయసులో ఉన్న మనిషి, చేతులకి పిండి ఉంది. లోపల పిల్లలెవరో నవ్వుకుంటున్నారు. రెండు హీటర్లు హూమంటున్నాయి. ఆమె వెనక వంటగదిలో దీపం తెల్లగా, చక్కగా, ఏ చలనమూ లేకుండా వెలుగుతోంది.

ఆమె ఇద్దర్నీ, బాత్మా చేతిలోని దీపాన్నీ చూసింది. "ఇరవై ఏడో ఇంటివాళ్లు కదూ మీరు? నిన్నటి సంగతి విన్నాం. మాకైతే ఏం ఇబ్బంది లేదు. లైట్లు బాగానే వెలుగుతున్నాయి."

"అందుకే వచ్చామమ్మా," అంది అపా. "ప్లగ్గు ఎక్కడుందో చూపించు."